బీడీ చుట్టే ప్రతి ఆడబిడ్డ పేరు రిజిస్టర్‌లో ఎక్కాలి



నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ జిల్లాల్లో ఏ వాడకు పోయినా, అరుగు మీద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తున్న ఆడవాళ్లు కనిపిస్తారు. ఇంటి మగవాళ్లు ఎందరో దుబాయికి, మస్కట్‌కు పోయారు. వాళ్లు పంపేది వీసా అప్పుకూ వడ్డీకీ సరిపోతే, ఇంటి సరుకులు, పిల్లల ఫీజులు, అత్తమామల మందులు ఈ చాట మీదనే నడుస్తున్నాయి. పదేళ్ల వయసులో తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరించడం నేర్చుకున్న పిల్ల, మనవరాళ్లను ఎత్తుకునే వయసులోనూ అదే పని చేస్తోంది. ఇన్నేళ్లు పనిచేసినట్టు చూపించడానికి చాలామంది చేతిలో ఒక్క కాగితం కూడా లేదు. ఆ కాగితం గురించే ఈ కరపత్రం.

బయటివాళ్లు దీన్ని తీరిక వేళ చేసే పని అనుకుంటారు. తునికాకును ముందురోజు నీళ్లలో తడిపి, తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. తెల్లారి రేకు కొలత పెట్టి ఒక్కో ఆకూ కత్తిరించాలి. తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, కొన మడవాలి. ఇరవై ఐదింటిని ఒక కట్ట చేయాలి. అలాంటి కట్టలు నలభై అయితే వెయ్యి బీడీలు. వంట, బట్టలు, పశువులు, పిల్లలు అన్నీ చూసుకుంటూ వెయ్యి పూర్తి చేయాలంటే పొద్దున మొదలుపెట్టిన చేయి రాత్రి దాకా ఆగదు. మెడ పట్టేస్తుంది, నడుం పడిపోతుంది. తంబాకు దుమ్ము ముక్కులోకి, గొంతులోకి పోతుంది. జీవితంలో ఒక్క బీడీ కూడా తాగని ఆడమనిషి రాత్రంతా దగ్గుతూ పడుకుంటుంది.

అంత కష్టపడి చేసిన బీడీలు కార్ఖానాకు పట్టుకుపోతే అక్కడ టేకేదార్ (కంపెనీ మధ్యవాడు) గంప ముందు కూర్చుని ఏరుతాడు. ఇది గుల్ల, ఇది వంకర, దీని ముడి సరిగా లేదు అంటూ పక్కన పడేస్తాడు. పడేసిన వాటికి పైసా రాదు. అతుకులు పడ్డ, చిల్లులు పడ్డ ఆకు ఇచ్చింది కంపెనీయే. ఆ ఆకు సరిపోక పోతే ఆడమనిషి తన డబ్బుతో కొనుక్కొచ్చి లెక్క పూరించాలి. ఎన్ని తీసేయవచ్చో నియమాల్లో హద్దు ఉంది. ఆ హద్దు గురించి కార్ఖానా గోడ మీద ఎప్పుడైనా రాసి ఉండగా చూశారా?

చట్టం మన పక్షాన ఎప్పుడో మాట్లాడింది. 1966లోనే బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. సరుకు తెచ్చుకుని ఇంట్లో చుట్టే మనిషి కూడా కార్మికురాలేనని అది ఒప్పుకుంది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. 1977లో బీడీ పరిశ్రమకు పీఎఫ్ వర్తింపజేస్తే మళ్లీ కోర్టుకెక్కాయి. ఇంట్లో కూర్చుని చేసేవాళ్లు మా ఉద్యోగులు కారని వాదించాయి. 1985లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. బీడీ బాగుందో లేదో చూసి తిరస్కరించే హక్కు కంపెనీ చేతిలో ఉంది కదా, ఆ అదుపు ఉన్నప్పుడు వాళ్లు కంపెనీ మనుషులేనని తేల్చింది. ఈ మాట ప్రతి చెల్లెలూ గుర్తుపెట్టుకోవాలి. మన కూలిని కోయడానికి వాడుతున్న ఆ ఏరివేతే మనం కంపెనీ కార్మికులమని రుజువు చేసింది.

మరి తీర్పు వచ్చి నలభై ఏళ్లు దాటినా పీఎఫ్ కార్డు లేని ఆడవాళ్లు ఇందరు ఎందుకున్నారు? కంపెనీలు తప్పించుకునే దారి చాలా తేలిక. కంపెనీ నేరుగా సరుకు ఇవ్వదు, మధ్యవాడి చేత ఇప్పిస్తుంది. కొందరికి కార్డు ఇస్తుంది, మిగతావాళ్లకు ఇవ్వదు. కార్డు లేనామె చేసిన బీడీలు కార్డు ఉన్నామె పేరు మీద ఎక్కుతాయి. ఒకే ఇంట్లో అత్త పేరు మీద కోడలు, వదిన పేరు మీద మరదలు ఏళ్ల తరబడి చుట్టారు. కార్డు ఉన్నామెకు కూడా చేసిన వెయ్యికి ఎంత రాశారో తెలియదు. సరుకు తక్కువ వచ్చిన నెలల్లో పని దినాలు పడిపోతాయి, పీఎఫ్‌లో పడే సొమ్ము కూడా పడిపోతుంది. పీఎఫ్ పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. చేతులు ముప్పై ఏళ్లు పనిచేసినా రికార్డులో ఆరేళ్లే ఉంటే ఆ మనిషి పింఛను లేకుండానే ఇంటికి పోవాల్సిందే.

తెలంగాణ వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు ఆసరా పింఛను ఇచ్చింది. మొదట వెయ్యి రూపాయలు, 2019 నుంచి 2,016 రూపాయలు. వాళ్ల చేతికి నెలనెలా పింఛను అందాలన్న ఆలోచన మంచిది, దాన్ని మెచ్చుకోవాలి. కానీ అది కూడా పీఎఫ్ నంబరుకే ముడిపడింది. పైగా 2014 నాటికి ఆ నంబరు ఉన్నవాళ్లకే అని కటాఫ్ పెట్టారు. నంబరు ఇవ్వని తప్పు కంపెనీది, పింఛను పోయింది ఆడమనిషికి! ఒకే వాకిట్లో, ఒకే తంబాకుతో, ఒకే కార్ఖానాకు చుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకామెకు పింఛను వస్తుంది, రెండో ఆమెకు రాదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్క జీవోతో కటాఫ్ ఎత్తేయవచ్చు.

ఇప్పుడు తొందరపడాల్సిన కారణం ఇంకొకటి ఉంది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1966 చట్టం రద్దయింది. సామాజిక భద్రతా కోడ్‌లో ఇంటి నుంచి పనిచేసే కార్మికులను అసంఘటిత రంగం కింద చూపించారు. బీడీ చుట్టే ఆడవాళ్లను ఆ గూట్లోకి తోసేసి, పీఎఫ్ బాధ్యత నుంచి కంపెనీలు జారుకునే ప్రమాదం ఉంది. 1985లో కోర్టులో గెలిచింది 2026లో నియమాల పేరుతో పోగొట్టుకోకూడదు. కోడ్‌ల కింద రాష్ట్రం రాసే నియమాల్లో ఒక్క వాక్యం స్పష్టంగా ఉండాలి: కంపెనీ సరుకుతో ఇంట్లో బీడీ చుట్టే మనిషి, మధ్యలో ఎవరున్నా, ఆ కంపెనీ ఉద్యోగే.

డబ్బు ఎక్కడినుంచి వస్తుందని అడిగేవాళ్లకు కూడా జవాబుంది. 1976 నుంచి బీడీల మీద సెస్సు వసూలు చేసి, దానితో బీడీ కార్మికులకు దవాఖానాలు, పిల్లలకు స్కాలర్‌షిప్‌లు, ఇళ్లకు సాయం ఇచ్చేవాళ్లు. 2017లో జీఎస్టీ రాగానే ఆ సెస్సు పోయింది. మన పేరు మీద వచ్చే డబ్బు ఆగిపోయింది, బీడీ మీద పన్ను మాత్రం 28 శాతానికి చేరింది. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ బీడీ మీద పన్నును 18 శాతానికి, తునికాకు మీద పన్నును 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. పన్ను తగ్గితే సేటుకు మిగులుతుంది. వెయ్యి బీడీల కూలిలో ఎంత పెరుగుతుందో ఎవరూ చెప్పడం లేదు. కేంద్రానికి బీడీ మీద వచ్చే పన్నులో ఒక భాగాన్ని మునుపటిలా బీడీ కార్మికుల సంక్షేమానికే కేటాయించాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

బీడీ ఆరోగ్యానికి చెడ్డది కదా, ఈ పని పోతే మంచిదే కదా అనే పెద్దమనుషులు ఉన్నారు. బీడీ చెడ్డదే. దాన్ని మేము వెనకేసుకు రావడం లేదు. 2016లో ప్యాకెట్ మీద 85 శాతం మేర ఆరోగ్య హెచ్చరిక పెట్టాలన్నప్పుడు కంపెనీలు కార్ఖానాలు మూసేస్తే, నష్టపోయింది పొయ్యి మీద ఎసరు పెట్టుకున్న ఆడవాళ్లే. పొగాకు నియంత్రణ మీద 2004లో భారతదేశం ఒప్పుకున్న అంతర్జాతీయ ఒప్పందంలోనే, పొగాకు పని చేసేవాళ్లకు మరో బతుకుదెరువు చూపించే మాట ఉంది. బీడీ తగ్గాలనుకునే ప్రభుత్వం ముందు ఈ చేతులకు వేరే పని, వేరే కూలి చూపించాలి. ఆ పని ఎవరికి ఇవ్వాలో తెలియాలన్నా, ఎవరెవరు బీడీలు చుడుతున్నారో పేర్లు ముందు రాసి ఉండాలి కదా.

అందుకే మొదటి పని మన ఊళ్లోనే మొదలుపెడదాం. మహిళా సంఘాలు ఇల్లిల్లూ తిరిగి బీడీ చుట్టే ప్రతి ఆడమనిషి పేరు, ఎన్నేళ్లుగా, ఏ కంపెనీకి, ఎవరి ద్వారా, ఎవరి కార్డు మీద చుడుతోందో రాయాలి. వితంతువులను, ఒంటరి ఆడవాళ్లను ముందు రాయండి, వాళ్లే ఎక్కువగా తప్పిపోతున్నారు. ఆ జాబితాను గ్రామసభలో చదివించి తీర్మానం చేయించాలి. తీర్మానం ప్రతులు జిల్లా కార్మిక శాఖ అధికారికి, పీఎఫ్ కార్యాలయానికి, కలెక్టర్‌కు, ఎమ్మెల్యేకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. రసీదు లేకుండా ఏ కాగితమూ ఇవ్వకండి. సరుకు తీసుకున్నప్పుడు ఎంత ఇచ్చారో, బీడీలు ఇచ్చినప్పుడు ఎన్ని తీసుకున్నారో, ఎన్ని పక్కన పడేశారో తేదీతో సహా పిల్లల చేత నోటు పుస్తకంలో రాయించి ఉంచండి.

చదువుకున్న పిల్లలకు ఒక మాట. మీ ఫీజు ఈ బీడీలతోనే కట్టారు. పీఎఫ్ ఖాతాలో ఎంత పడిందో ఫోన్‌లో చూసి అమ్మకు చెప్పండి. పేరు, పుట్టిన తేదీ, ఆధార్ సరిపోలకపోతే ఇప్పుడే సరిచేయించండి. ఈ తేడాల వల్ల ఏళ్ల డబ్బు ఇరుక్కుపోతోంది.

కార్డు ఉన్న అక్కలు కార్డు లేని చెల్లెళ్ల వెంట దరఖాస్తు ఇవ్వడానికి రండి. చదవడం రానివాళ్లకు ఈ కరపత్రం చదివి వినిపించండి. వచ్చే గ్రామసభకు బీడీలు చుట్టే ప్రతి ఇంటినుంచి ఒక ఆడమనిషి తప్పకుండా రావాలి.