వాననీటికి వార్డు నంబరు తెలీదు

హైదరాబాదులో గట్టి వాన పడ్డ ప్రతిసారీ మనవాళ్ళు చేసేది ఒకటే. మునిగిన కాలనీ ఫోటో పెట్టి, కింద కార్పొరేషన్ని నాలుగు తిట్లు తిట్టడం. తిట్టండి, కాదనను. కానీ ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఒక్కరూ అడగరేం?

2020 అక్టోబరు 13న కుండపోత వాన. నాలుగైదు రోజులకే మళ్ళీ వానలు పడి బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగింది. నీళ్ళన్నీ హఫీజ్‌బాబానగర్ మీద పడ్డాయి. అప్పట్లో బాలాపూర్ బడంగ్‌పేట కార్పొరేషన్లో ఉండేది, హఫీజ్‌బాబానగర్ జీహెచ్ఎంసీలో. అంటే కిందివాళ్ళు పన్ను కట్టేది ఒకరికి, వాళ్ళ ముప్పు ఇంకొకరి ఊళ్ళో! పోనీ ఓటేసి దింపేద్దామన్నా, పైఊళ్ళో వీళ్ళకి ఓటే లేదాయె.

"అందుకే కదా అన్నీ కలిపేసింది?" అంటారు కొందరు. 2007లో 12 మునిసిపాలిటీల్నీ, 8 పంచాయతీల్నీ కలిపి జీహెచ్ఎంసీ చేశారు. 2025 చివర్లో చుట్టుపక్కలవి ఇంకో 27 కలిపారు. దానివల్ల సరిహద్దు గీత కొంచెం అవతలికి జరిగిందంతే, మాయం కాలేదు. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా పారుతుంది. అందాకా కలుపుకుంటూ పోతారా? పైగా గీత లోపల మాత్రం ఒకరి పెత్తనమా ఏమన్నానా? నాలా కార్పొరేషన్‌ది, మురుగు జలమండలిది, చెరువు కట్ట నీటిపారుదల శాఖది, రసాయనాల సంగతి కాలుష్య నియంత్రణ మండలిది. ఎవర్నడిగినా పక్కవాళ్ళ వైపు వేలు చూపిస్తారు.

మురికి విషయంలోనూ ఇదే వరస. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో పడి, మంజీరలోకి పోతున్నాయని జనం కోర్టుకెక్కారు. చివరికి కనిపెట్టిన మార్గమేంటయ్యా అంటే, అక్కడ కొంత శుద్ధి చేసి, మిగతాదాన్ని 18 కిలోమీటర్ల పైపులో తెచ్చి నగరం మురుగుతో కలిపి అంబర్‌పేట కేంద్రానికి పంపడం! మంజీర బాధ మూసీకి బదిలీ అయింది. బగ్ ఫిక్స్ చెయ్యకుండా పక్క టీముకి అసైన్ చేసి టికెట్ క్లోజ్ చేసే మహానుభావులు మన ఆఫీసుల్లోనే ఉన్నారనుకున్నాను :) ఆ మూసీ నీళ్ళతోనే దిగువన నల్గొండ, భువనగిరి వైపు రైతులు పంటలు పండిస్తున్నారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఒక ఊరి హద్దు దాటి నాలా ఎక్కడ బయటికి పోతుందో అక్కడ ఒక మీటరు పెట్టండి. ఎన్ని నీళ్ళు పోతున్నాయి, వాటిలో ఏముంది అన్నది రోజూ అందరికీ కనబడేలా పెట్టండి. హద్దు మీరితే పైఊరు కట్టాలి. పైఊరు తన చెరువులో నీళ్ళు ఆపి పంపితే కిందిఊరు ఆ ఖర్చులో వాటా ఇవ్వాలి. రెండు మాడ్యూళ్ళ మధ్య ఇంటర్‌ఫేస్ రాసుకోకుండా మనం ఒక్క ప్రాజెక్టు చేస్తామా? మరి కోటి మంది ఊరుకి అక్కర్లేదా?

నాలాలు వెడల్పు చేస్తే చాలదా అంటారా? పైన ఆపకుండా వెడల్పు చేస్తే, నీళ్ళు కిందివాడి మీద ఇంకా తొందరగా పడతాయి. 1908 వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారు ఊళ్ళో గోడలు ఎత్తు చెయ్యమని ఊరుకోలేదు. వరదని ఊరికి పైనే ఆపమన్నారు. అలా వచ్చినవే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్.

ఇక మన సంగతి. గేటెడ్ కమ్యూనిటీ అంతా టైల్సు పరిపించి, ఇంకుడుగుంత ప్లాను కాగితం మీద చూపించి, వాననీళ్ళని పైపులో నాలాకి తోసేసి, ఎండాకాలం ట్యాంకర్లు తెప్పించుకునేది మనమే. మనం కూడా ఎవరికో ఒకరికి పైఊరే. ఈసారి అసోసియేషన్ మీటింగులో పార్కింగు గొడవ కాసేపు ఆపి, మన గోడ దాటిన నీళ్ళు ఎవరింట్లోకి పోతున్నాయో అడగండి.