దళారి పోలేదు, కనపడకుండా కూర్చున్నాడు

టెక్నాలజీ వచ్చాక దళారి పోయాడన్న మాట సభల్లోనూ పత్రికల్లోనూ పాతుకుపోయింది. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఇక ఫోను తప్ప ఎవరూ లేరంటున్నారు. ఇది అబద్ధం. పైగా చిన్న వ్యాపారికి కీడు చేసే అబద్ధం.

మా వీధి చివర కర్రీ పాయింట్ నడిపే ఆవిడ ఓ ఆర్డరింగ్ యాప్‌లో చేరారు. వారం వారం వచ్చే లెక్క ఒకరోజు నాకు చూపించారు. అమ్మకం మొత్తంలోంచి కమీషన్, దాని మీద జీఎస్టీ, యాప్‌లో పేరు పైన కనపడటానికి ప్రకటన ఖర్చు, ఎప్పుడు ఒప్పుకున్నారో ఆవిడకే గుర్తులేని డిస్కౌంట్‌లో ఆవిడ వాటా. ఇవన్నీ పోగా మిగిలిందే చేతికొచ్చేది. "కూరలో ఉప్పెక్కువైందని ఒకాయన ఒక్క స్టారే ఇచ్చాడండీ. ఫోన్ చేసి మాట్లాడదామంటే నంబరు లేదు" అన్నారు. రోజూ తన గుత్తొంకాయ తెప్పించుకునే మనిషెవరో ఆవిడకి తెలీదు. యాప్‌కి తెలుసు.

పాత కమీషన్ వ్యాపారిని నేను వెనకేసుకు రావడం లేదు. తూకంలో కొట్టాడు, అప్పిచ్చి పంటను ముందే కట్టేసుకున్నాడు. అయినా అతని కొట్టెక్కడో తెలుసు, గల్లాపెట్టె ముందు నిలబడి నిలదీయొచ్చు. శాతం ఎందుకు పెంచావని యాప్‌ని అడగాలంటే ఎవరి గుమ్మం ఎక్కాలి? రెస్టారెంట్ల జాతీయ సంఘం, అంత బలమున్న సంఘం, 20 నుంచి 30 శాతం కమీషన్ భరించలేమని, కస్టమర్ల వివరాలు తమకు దక్కడం లేదని కాంపిటీషన్ కమిషన్ గడప తొక్కాల్సి వచ్చింది. ఆ ఫిర్యాదులోని కొన్ని అంశాల మీద 2022 ఏప్రిల్‌లో జొమాటో, స్విగ్గీలపై కమిషన్ విచారణకు ఆదేశించింది. ఏ సంఘమూ లేని కర్రీ పాయింట్ ఎక్కడికి పోతుంది?

టెక్నాలజీ తీరే అంత, ఎవరూ ఆపలేరు అనేవాళ్లు యూపీఐని చూడాలి. 2016లో మొదలైన ఆ పద్ధతిలో ఫోన్‌పే క్యూఆర్ అంటించిన కొట్లో గూగుల్ పేతో డబ్బు కట్టొచ్చు. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా జరిగే చెల్లింపు మీద వ్యాపారి దగ్గర ఎండీఆర్ అనే రుసుం వసూలు చేయకూడదని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. దానికయ్యే ఖర్చు మాయం కాలేదు, బ్యాంకులూ ప్రభుత్వమూ మోస్తున్నాయి. కానీ ఆ బరువు పూలమ్మే మనిషి మీద పడకూడదని ఎవరో కూర్చుని తీర్మానించారు. ఫోను అదే, ఇంటర్నెట్ అదే. మారింది నిబంధన.

బెంగళూరు ఆటోల సంగతీ అంతే. 2022లో డ్రైవర్ల సంఘం తోడుగా వచ్చిన నమ్మ యాత్రి యాప్ ప్రతి కిరాయిలోనూ వాటా కోయలేదు, తర్వాత్తర్వాత రోజుకింతని రుసుం పెట్టింది. ఆటోల వరకు ర్యాపిడో, ఊబర్ కూడా అదే దారికొచ్చాయి. కమీషన్ లేకుండా యాప్ నడవదన్న వాదన అక్కడే వీగిపోయింది.

యాప్ కొత్త గిరాకీ తెస్తుంది, కాదనను. తెచ్చినందుకు కూలి తీసుకోనివ్వండి. ఆ కూలికి ప్రభుత్వం ఒక హద్దు పెట్టాలి. శాతం మార్చేముందు యాప్ గడువిచ్చి చెప్పాలి. జాబితాలో కొట్టు పేరు ఎందుకు కిందికి దిగిందో కారణం చూపాలి. కొనేవాడు సరేనంటే అతని నంబరు అమ్మేవాడికి దక్కాలి. అన్నిటికంటే ముందు, వేలు నొక్కి 'ఒప్పుకుంటున్నాను' అనిపించుకునే ఆ ఒప్పందం తెలుగులో ఉండాలి.