షేరు విపణి: భాగస్వామ్యమా, ద్యూతమా?



గత సంవత్సరం దీపావళికి పూర్వం ఒక యువకుడు మా ఆలయానికి వచ్చి, "పంతులుగారూ, డీమ్యాట్ ఖాతా తెరిచాను. దీపావళినాడు ఎక్స్ఛేంజీలవారు జరిపే ముహూర్త ట్రేడింగ్ లోకానికంతటికీ ఒక్కటే. నా జన్మనక్షత్రానికి సరిపడే ముహూర్తం చెప్పండి" అని అడిగాడు. పంచాంగం చూచి, తారాబల చంద్రబలాలు గణించి, శుభలగ్నం నిర్ణయించి, సంభావన స్వీకరించాను. అతడు ఆరంభించబోయే కార్యం ఎట్టిదో మాత్రం విచారించలేదు.

మాఘమాసంలో అతని తల్లి ఒంటరిగా దర్శనానికి వచ్చింది. ఆమె బంగారు గాజులు తాకట్టుకు వెళ్ళినవి. ఆ ధనమంతయు ఆప్షన్లలో హరించుకుపోయింది. "మీరే కదండీ ముహూర్తం పెట్టింది" అన్నది. ఆ తల్లి కంఠంలో నిందాలేశమైనా లేదు. అందువలననే ఆ మాట నన్ను నేటికీ బాధిస్తున్నది. ఈ వ్యాసం నా ప్రాయశ్చిత్తంలో ఒక భాగంగా గ్రహించండి.

భక్తులారా, ధనార్జన దోషం కాదు. పురుషార్థ చతుష్టయంలో అర్థానికి స్థానమున్నది. మనుస్మృతి వ్యవహారపదాలను పదునెనిమిదిగా విభజించినది. వాటిలో సంభూయ సముత్థానం ఒకటి. అనగా పలువురు కలిసి కార్యం నిర్వహించి ఫలాన్ని పంచుకొనుట. యజ్ఞంలో ఋత్విక్కులు దక్షిణను పంచుకొనే విధానం సైతం ఆ ప్రకరణంలోనిదే. ద్యూతం అదే పట్టికలో చిట్టచివర, వేరొక పదంగా ఉన్నది. శాస్త్రం వేరుచేసిన ఆ రెంటినీ నేటి చరవాణి ఒకే తెరపై, ఒకే వేలి స్పర్శకు అందేటట్లు ఉంచినది. కొత్తగా ప్రవేశించేవారికి భ్రాంతి కలుగుచున్నది ఇచ్చటనే.

షేరు అనగా సంస్థ యాజమాన్యంలో ఒక అంశ. దానిని కొని, మరుసటి పనిదినాన ఖాతాలోకి చేరిన పిదప సంవత్సరాల తరబడి నిలుపుకొన్నవాడు ఆ సంస్థ కష్టఫలంలో భాగస్వామి. ఉదయం కొని సాయంకాలంలోగా అమ్మే ఇంట్రాడే వ్యాపారంలో ఆ భాగస్వామ్యం లేదు. ఆదాయపు పన్ను చట్టమే దానిని స్పెక్యులేటివ్ వ్యాపారంగా వేరుచేసి చూచుచున్నది. ఆప్షనుకు గడువు ఉన్నది. గడువు ముగిసేనాటికి అంచనా ఫలించనిచో కొన్నవాని చేతిలో శేషించేది శూన్యం. అందులో ఒకని లాభం మరొకని నష్టమే. ఉభయుల నుండీ రుసుములు, పన్నులు తప్పవు.

2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021–22 నుండి 2023–24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. మన రాజమహేంద్రవర వాసులకు ఇట్టి సంఖ్యల అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 వద్ద రెండవది, 17.75 వద్ద మూడవది. మూడవ హెచ్చరిక వినికూడా పసిబిడ్డతో లంకలో కూర్చుండే గృహస్థు ఉండునా? ఈ 93 శాతం అన్నది మూడవ హెచ్చరిక.

"అట్లయిన షేరు కొని ఉంచుకొంటే భయం లేదు కదా" అని కొందరు అడుగుదురు. భీమవరంలో జన్మించిన రామలింగరాజు స్థాపించిన సత్యం కంప్యూటర్స్‌ను స్మరించండి. ఏళ్ళ తరబడి లెక్కలలో లేని ధనం చూపామని ఆయన 2009 జనవరి 7న లేఖ ద్వారా అంగీకరించగా, ముందురోజు 179 రూపాయల వద్దనున్న షేరు ఆ ఒక్క దినంలోనే 40 రూపాయల సమీపానికి పడిపోయింది. పేరులో సత్యమున్నంత మాత్రాన లెక్కలో ఉండదు. మన ప్రాంతంవారన్న అభిమానం ప్రమాణం కాజాలదు. సర్వస్వాన్నీ ఒకే సంస్థలో నిక్షేపించుట వివేకం కాదు.

భాగవతం అష్టమస్కంధంలో శుక్రాచార్యులు బలిచక్రవర్తికి విత్తాన్ని ఐదు భాగాలు చేయవలెనని బోధించారు: ధర్మానికి, యశస్సుకు, అర్థవృద్ధికి, కామానికి, స్వజనానికి. విపణికి తగినది ఆ అర్థభాగం మాత్రమే. తల్లి గాజులు స్త్రీధనం. వాటిని ముట్టుకొనే అధికారం కుమారునికి ఏ భాగంలోనూ లేదు.

ఏ సంకల్పంలోనైనా దేశకాలాలు, కర్త, ప్రయోజనం చెప్పక కర్మ ఆరంభించము. కనుక ఇప్పుడు ముహూర్తానికి వచ్చినవారిని నాలుగు ప్రశ్నలు అడుగుచున్నాను. ఏ ద్వారం గుండా ప్రవేశించుచున్నావు: సెబీ వద్ద నమోదైన బ్రోకరా, టెలిగ్రాములో పరిచయమైన అజ్ఞాత గురువా? ఎన్ని సంవత్సరాలు వేచియుండగలవు? ఈ ధనం ఎవరిది, అప్పు కాదు కదా? ఆ సంస్థ ఏమి చేసి సంపాదించుచున్నదో మీ అమ్మగారికి అర్థమయ్యేటట్లు చెప్పగలవా? సమాధానం లభించినచో పంచాంగం తెరుస్తాను. ఆప్షన్లకని అన్నచో సంభావన తాకను.

మా వృత్తిబాంధవులకు కూడా ఇదే విన్నపం. మన ముహూర్తం యజమానికి ధైర్యాన్నిస్తుంది. ఆ ధైర్యంతో అతడు ఎటు నడుచునో విచారించుట మన బాధ్యత.

నాటి సంభావనను ఆ తల్లి చేతిలో తిరిగి ఉంచాను. గాజులు విడిపించుటకు అది ఏ మూలకూ చాలదు. ఆమె కుమారుడు సిగ్గుతో ఆలయానికి వచ్చుట మానివేశాడని విన్నాను. నాయనా, ఇది నీ కంటపడినచో రా. నేను అడగవలసినది అడగలేదు, నీవు చెప్పవలసినది చెప్పలేదు. ఆ దోషం ఇరువురిదీ.

స్వస్తి.