అంతియొకయ పంపిన సాయం

ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ దాటి తార్నాకలోకి వస్తే ఐఐసీటీ కనిపిస్తుంది. ఓజోన్ పొరను తినేసే ఫ్రిజ్ వాయువులకు ప్రత్యామ్నాయాల కోసం అక్కడి శాస్త్రవేత్తలు శ్రమించారు. ఆ వాయువుల వ్యాపారానికి 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కళ్లెం వేసింది. అంతటితో ఊరుకోలేదు. ధనిక దేశాల సొమ్ముతో నిధి ఏర్పరచి, మనవంటి దేశాల కర్మాగారాలు మారేందుకు ఖర్చు ఇచ్చింది. కరవు వేళ అంతియొకయ విశ్వాసులు యూదయ సహోదరులకు తమ శక్తికొలది సాయం పంపలేదా (అపొ.కా. 11:29)? 2026 జనవరి 1న యూరోపియన్ యూనియన్ కర్బన సుంకం అమలులోకి వచ్చింది. అక్కడికి వెళ్లే మన ఉక్కుకు, తయారీలో వెలువడిన కర్బనాన్ని బట్టి వెల కడతారు. భూమిని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ వసూలైన సొమ్ములో, కొలిమి మార్చుకోవలసిన దేశానికి వాటా రాయలేదు.