సరాసరి లెక్కలో వాడ కనపడదు

వెనకబడిన ప్రాంతానికి డబ్బిస్తే ఆ ప్రాంతంలో వెనకబడ్డ మనిషికి అందుతుందా? ఇది మనం మండలాఫీసు ముందు నిలబడి అడిగే ప్రశ్నే. ఈసారి దీన్ని యూరప్ తీసుకుపోయి అడుగుదాం. ఎందుకంటే ప్రాంతాల మధ్య తేడాలు తగ్గించడానికి అంత డబ్బు, అన్నేళ్లపాటు, అంత రాతకోతలతో ఖర్చుపెట్టి, ఆ ఖర్చు ఫలితం మీద అన్ని పరిశోధనలు చేయించుకున్న చోటు ఇంకోటి చూపడం కష్టం. "యూరప్‌ను చూసి నేర్చుకోండి" అని మనకు బోధించే పెద్దమనుషులకు కొదవ లేదు. సరే, నేర్చుకుందాం. వాళ్లు చెప్పే సగమూ నేర్చుకుందాం, చెప్పకుండా దాటేసే సగమూ నేర్చుకుందాం.

1957లో రోమ్ ఒప్పందం పీఠికలోనే ప్రాంతాల మధ్య తేడాలు తగ్గిస్తామని రాసుకున్నారు. రాసుకున్న 18 ఏళ్లకు, 1975లో, ప్రాంతీయాభివృద్ధి నిధి పెట్టారు. గ్రీసు, స్పెయిన్, పోర్చుగల్ వంటి బీద దేశాలు చేరాక, అందరికీ ఒకటే మార్కెట్టు అంటే బలిసినోడు ఇంకా బలుస్తాడు, బక్కోడు నలిగిపోతాడు అన్న భయం పుట్టింది. అందుకే 1988లో నిధిని రెట్టింపు చేయాలని తీర్మానించి, పద్ధతులు గట్టిచేశారు. 2021-27 ఏడేళ్లకు ఈ పద్దు కింద దాదాపు 39,000 కోట్ల యూరోలు పెట్టారు. యూరోపియన్ యూనియన్ మొత్తం బడ్జెట్టులో ఇది దాదాపు మూడో వంతు. మనం వెక్కిరించి దాటేసే పని కాదిది. ఉన్నోడి దగ్గర తీసి లేనిచోట పెట్టాలన్న సూత్రాన్ని అన్ని దేశాలు కూర్చుని ఒప్పుకోవడమంటే మాటలా?

మరి లేనిచోటు ఏదో ఎట్లా తేలుస్తారు? యూరప్ పటాన్ని ముక్కలు చేశారు. ఒక్కో ముక్కలో 8 లక్షల నుంచి 30 లక్షల దాకా జనం, అంటే మన జిల్లా అంత. ఆ ముక్కలో ఏడాదికి పుట్టిన సంపదను తలల లెక్కన భాగిస్తారు. వచ్చిన అంకె యూరప్ సరాసరిలో 75 శాతం కంటే తక్కువుంటే అది వెనకబడిన ప్రాంతం. పెద్ద వాటా దానికే.

ఇక్కడే మనం ఆగి చూడాలి. ఒక ఊళ్లో దొరకు 100 ఎకరాలుంది. మిగతా 99 ఇళ్లకు సెంటు భూమి లేదు. సరాసరి తీయండి: ఇంటికో ఎకరం! కాగితం మీద ఆ ఊళ్లో భూమి లేనోడే లేడు. దొర ఇంకో 100 ఎకరాలు కలుపుకుంటే ఇంటికి రెండెకరాలవుతుంది. "ఊరు అభివృద్ధి చెందింది" అని రాసేయొచ్చు. సరాసరి అబద్ధం చెప్పదు. కానీ ఎవరిని దాచాలో వాళ్లను దాచిపెడుతుంది.

పరిశోధకులు ఏం తేల్చారు?

ఈ నిధి పనిచేసిందా లేదా అని యూరప్ పండితులు దశాబ్దాలుగా కొట్లాడుకుంటున్నారు. 2001లో బోల్డ్రిన్, కనోవా అనే ఇద్దరు, ప్రాంతాలు దగ్గరకు రావడానికి ఈ సొమ్ము ఉపయోగపడలేదు, ఇది రాజకీయంగా పంచిపెట్టడానికే సరిపోయింది అని తేల్చారు. 2010లో బెకర్, ఎగ్గర్, ఫాన్ ఎర్లిఖ్ అనే ముగ్గురు ఇంకో దారి పట్టారు. బడిపంతుళ్లం గనక మేం దీన్ని ఇట్లా చెపుతాం. 34 మార్కులొచ్చి ఫెయిలైన పిల్లవాడికి, 36 వచ్చి పాసైన పిల్లవాడికి చదువులో పెద్ద తేడా ఉండదు. ఫెయిలైన వాడికి మాత్రమే ట్యూషన్ పెట్టించి, ఏడాది తర్వాత ఇద్దరినీ పోల్చితే ట్యూషన్ ఫలితం తెలుస్తుంది. అట్లాగే 75 శాతానికి కాస్త కింద ఉండి నిధి తెచ్చుకున్న ప్రాంతాలను, కాస్త పైన ఉండి పోగొట్టుకున్న ప్రాంతాలతో పోల్చారు. నిధి అందిన చోట తలసరి సంపద పెరుగుదల ఏడాదికి దాదాపు 1.6 పాయింట్లు ఎక్కువగా ఉంది. బాగానే ఉంది గదా! కానీ అదే పరిశోధనలో రెండో వాక్యం వినండి: ఉద్యోగాలు మాత్రం పెరిగినట్టు కనపడలేదు.

సంపద పెరిగింది, పని పెరగలేదు. పని లేకుండా పెరిగిన సంపద ఎవరింట్లో చేరుతుందో కూలికి పోయే ఏ తల్లినడిగినా చెపుతుంది.

ఆ ముగ్గురే 2013లో ఇంకోమాట తేల్చారు. చదువుకున్న జనం, సరిగా నడిచే ప్రభుత్వ యంత్రాంగం ఉన్నచోటే ఈ సొమ్ము పెరుగుదలగా మారింది. అటువంటి ప్రాంతాలు నిధి తీసుకున్నవాటిలో 30 శాతం వరకే. అంతకు ముందు 2004లోనే రోడ్రిగెజ్-పోసె, ఫ్రాతేసి అనే ఇద్దరు, సొమ్ము ఏ ఖాతాకు పోయింది, ఏ ఖాతా ఫలించింది అని విడదీసి చూశారు. ఎక్కువ సొమ్ము రోడ్లకు, కంపెనీల సాయానికి పోయింది. వాటి ఫలితం నిలవలేదు. కొన్నేళ్లపాటు నిలిచిన ఫలితమిచ్చింది చదువుల మీద, మనుషుల నైపుణ్యం మీద పెట్టిన ఖర్చే. దానికి దక్కిందెంత? మొత్తంలో ఎనిమిదో వంతు!

అయ్యలారా, చదువు మీద పెట్టిన రూపాయి నిలబడుతుందని తెలుసుకోవడానికి మనకు యూరప్ పండితుడు అక్కర్లేదు. తాత వెట్టి చేసిన ఇంట్లో మనవడు బీఏ పాసయితే ఏం జరుగుతుందో మేం మా ఒంటి మీదే చూసుకున్నాం. అయినా రోడ్డుకు కాంట్రాక్టరుంటాడు. బడిలో కూర్చున్న పిల్లకు కాంట్రాక్టరుండడు. 2014లో యూరోపియన్ యూనియన్ ఆడిట్ సంస్థ అయిదు దేశాల్లో 20 విమానాశ్రయాలు తనిఖీ చేసి, పెట్టిన సొమ్ముకు తగిన ఫలితం లేదని రాసింది. గ్రీసులో కస్తోరియా అనేచోట ఏ రకం విమానం కోసం రన్‌వే పొడిగించారో ఆ రకం విమానం ఒక్కటీ అక్కడ దిగలేదు. రన్‌వే మాత్రం అభివృద్ధి లెక్కలో చేరింది.

యూరప్‌లో వాడ

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. యూరప్‌లో వాడ లేదనుకుంటున్నారా? ఉంది. అందులో ఉండేది రోమా ప్రజలు. జిప్సీలని పేరుపెట్టి ఊరి చివరికి నెట్టింది వీళ్లనే. వందల ఏళ్ల కింద ఇండియా నుంచి వలసపోయిన వాళ్లని వాళ్ల భాషే సాక్ష్యం చెపుతుంది. నీళ్లను పాని అంటారు, చెవిని కాన్ అంటారు. ఇయ్యాల రుమేనియా అంటున్న నేల మీద 1850ల దాకా వాళ్లను బానిసలుగా అమ్మారు, కొన్నారు. హిట్లర్ కాలంలో యూదులతోపాటు వాళ్లనూ చంపారు.

2004లో చెక్, స్లొవేకియా, హంగరీ, 2007లో రుమేనియా, బల్గేరియా యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. ఆ దేశాలకు వెనకబడిన ప్రాంతాల నిధి దండిగా వచ్చింది. రోమా జనం ఎక్కువగా ఉన్న దేశాలూ ఇవే. మరి ఏమైంది? 2016లో యూనియన్ సొంత హక్కుల సంస్థే తొమ్మిది దేశాల లెక్కలు బయటపెట్టింది. రోమాల్లో నూటికి 80 మంది ఆయా దేశాల పేదరిక రేఖ కింద ఉన్నారు. ముగ్గురిలో దాదాపు ఒకరి ఇంట్లో కుళాయి లేదు. యూరప్‌లో! ప్రాంతం తలసరి పెరుగుతుంటే ఆ తలల్లో వీళ్ల తల లేదు.

తూర్పు స్లొవేకియాలో కోషిట్సె అనే పట్నం ఉంది. 2013 సంవత్సరానికి దాన్ని యూరప్ సాంస్కృతిక రాజధానిగా ప్రకటించారు. యూరప్ నిధులతో పాత ఈతకొలను, పాత సైనికుల బారకాసులు కళాకేంద్రాలయ్యాయి. అదే ఏడాది అదే పట్నంలో రోమాలు ఇటు రాకుండా ఒక గోడ కట్టారు. యూరప్ కమిషన్‌లో సంస్కృతి వ్యవహారాలు చూసే కమిషనరే ఆ గోడ తీసెయ్యమని మేయరుకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. కళాకేంద్రమూ అభివృద్ధి లెక్కలోకొస్తుంది. గోడ ఏ లెక్కలోకొస్తుంది?

బడి సంగతి ఇంకా ఘోరం. చెక్ దేశంలో ఒస్త్రావా పట్నంలో రోమా పిల్లలను బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడుల్లో వేసేవాళ్లు. మిగతా పిల్లలకంటే రోమా పిల్లలు అక్కడికి పోయే అవకాశం 27 రెట్లు ఎక్కువని లెక్క తేలింది. 18 మంది పిల్లల తరఫున కొట్లాడితే, 2007 నవంబరు 13న యూరప్ మానవ హక్కుల కోర్టు ఇది వివక్ష అని తీర్పు చెప్పింది. పండితులు చెప్పిన ఎనిమిదో వంతు చదువు ఖర్చు ఇటువంటి బడుల గుండా పోతే రోమా పిల్లకు మిగిలేదేమిటి?

అప్పుడు మేమడిగేది ఇది. ఇన్ని పరిశోధనలు, ఇన్ని సమీకరణాలు రాసిన పండితులు ఎందుకు ముందుగా అడగలేదు, ప్రాంతం లోపల ఎవరికి అందిందని? అడగాలంటే లెక్క ఉండాలి. 2016లో ఆడిట్ సంస్థే రాసింది, రోమాల గురించి సరైన లెక్కలు లేకపోవడం పెద్ద సమస్య అని. జాతి పేరున లెక్క తీయడం తప్పని కొన్ని దేశాలంటాయి. ఈ మాట మనకు కొత్తా? కులం లెక్క తీస్తే కులం పెరుగుతుందని చెప్పేవాళ్లను మనం ఎంతమందిని చూశాం! గోడ కట్టేటప్పుడు ఎవరు రోమానో అందరికీ తెలుసు. బడిలో వేరుగా కూర్చోపెట్టేటప్పుడూ తెలుసు. డబ్బు పంచేటప్పుడే ఎవరికీ ఏమీ తెలియదు.

రెండు వాదాలూ మనవి కావు

ఒక వాదం: ఈ నిధులు దండగ, ఆపేయండి, మనుషులే పని ఉన్నచోటికి పోతారు. మనం దీన్ని ఒప్పుకోం. ఊరొదిలి పోగలిగినోడు పోతాడు. ముసలిదీ, అప్పులోళ్ల కింద ఉన్నోడూ, పోయిన చోటా ఇల్లు అద్దెకివ్వని జాతివాడూ ఎక్కడికి పోతారు? రెండో వాదం: ప్రాంతం పెరిగితే అందరూ పెరుగుతారు, లోపలి తేడాలు మాట్లాడి ఐక్యత చెడగొట్టకండి. దీన్నీ ఒప్పుకోం. ప్రాంతం పేరున అడిగి, తెచ్చి, లోపలికొచ్చాక పెత్తందారు పంచుకునే ఆట మనకు తెలిసిందే. 2009లో బార్కా అనే ఇటలీ ఆర్థికవేత్త యూరప్ కమిషన్‌కిచ్చిన నివేదికలో కూడా, స్థానిక పెద్దలు ఈ సొమ్మును తమ గుప్పిట్లో పెట్టుకునే ప్రమాదం ఉందని చెప్పాడు. నిధి ఉండాలి. దాని మీద లేనోడి చెయ్యి ఉండాలి.

ఆ చెయ్యి ఇంకా దూరమయ్యేట్టుంది. 2025 జులైలో యూరప్ కమిషన్ 2028-34 బడ్జెట్టు ప్రతిపాదించింది. ప్రాంతాల నిధిని, రైతుల నిధిని కలిపి ఒక్కో దేశానికి ఒక్కో ప్లానుగా ఇద్దామంది. అంటే పెత్తనం దేశ రాజధానులకు జరుగుతుందని ప్రాంతాలు గోలపెట్టాయి. ప్రాంతపు పెద్దకే నోరు పెగలని చోట వాడ మాట ఎవరు వింటారు?

అయినా నోరు లేస్తూనే ఉంది. హంగరీ ఈశాన్యంలో షాయోకాజా అనే ఊళ్లో రోమా యువకులు, వాళ్ల మిత్రులు అంబేద్కర్‌ను చదువుకున్నారు. మన దేశం వచ్చి చూసిపోయారు. 2007లో తమ ఊళ్లో డాక్టర్ అంబేద్కర్ పేరున హైస్కూలు మొదలుపెట్టారు. తమ సంఘానికి జై భీమ్ అని పేరు పెట్టుకున్నారు. పండితులు 2004లో సమీకరణంతో తేల్చిన సంగతిని వాళ్లు బతుకుతో తేల్చుకున్నారు: ముందు బడి.

సంఘం మిత్రులారా! రేపు మీ ఊరికి వెనకబడిన ప్రాంతం పేరున పథకం వస్తే, ఆఫీసరు తలసరి అంకె చదివితే, చప్పట్లు కొట్టకండి. మూడు మాటలు అడగండి. ఏ వాడకు ఎంత? బడికి ఎంత? పంచేచోట మనోళ్లు ఎందరు? జనాభా లెక్కన మన వాటా మనకు విడిగా ఉండాలని 2013లో సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నది ఈ ప్రశ్నల కోసమే. ఆ పద్దులో ఎంత రాశారు, ఎంత ఖర్చుపెట్టారు, ఎవరి మీద పెట్టారు అని కాగితం అడిగి తీసుకోండి. యూరప్ 50 ఏళ్ల అనుభవం మనకు చెప్పేదిదే: పేరు పెట్టి లెక్క తీయనిదే వాటా రాదు.

జై భీమ్.