మాఫీ సొమ్ము ఎవరికి?

తెలంగాణలోని బిచ్కుంద నల్లరేగడిలో సోయా, పత్తి, కంది వేసే రైతు వానను నమ్మి అప్పు చేస్తాడు. వాన మొహం చాటేసినా, కోతల వేళ ముంచెత్తినా మునిగేది అతనే. అతణ్ని ఆదుకోవడం ప్రభుత్వ ధర్మం. కానీ ఆదుకునే పేరిట ఖర్చయ్యే ప్రజాధనం ఎవరి నష్టాన్ని పూడుస్తోందో నిలదీయక తప్పదు.

2024లో రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి రూ.2 లక్షల వరకు పంట రుణాలు మాఫీ చేసింది. నవంబరు ఆఖరుకు 25 లక్షల మందికి పైగా రైతుల ఖాతాల్లో రూ.20 వేల కోట్లు దాటి జమయింది. 2 లక్షలకు మించి అప్పున్నవారు పై మొత్తాన్ని ముందుగా కట్టాలన్నారు. అంటే బ్యాంకుకు రైతు నుంచి కొంత, ఖజానా నుంచి మిగతాది వచ్చినట్టే. అసలు సేద్యం చేసిన కౌలురైతుకు మాత్రం పైసా రాలేదు. పట్టా పాసుపుస్తకం లేనివాడికి బ్యాంకు అప్పు పుట్టడమే కష్టం, ఇక మాఫీ ఎక్కడిది? నెలకు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన ప్రైవేటు అప్పు అతని మెడకే చుట్టుకుంది.

ఆదుకునే సొమ్ము అప్పిచ్చినవారికి చేరి, అప్పులపాలైనవారు మునగడం కొత్త జాడ్యం కాదు. 2008లో అమెరికా ఇళ్ల రుణాల జూదంలో దెబ్బతిన్న ఆర్థిక సంస్థల కోసం 70 వేల కోట్ల డాలర్ల నిధికి అనుమతి ఇచ్చింది. వాయిదాలు కట్టలేని లక్షల కుటుంబాలు మాత్రం ఇళ్లు పోగొట్టుకున్నాయి. అదే ఏడాది మన కేంద్రం రైతు రుణమాఫీ ప్రకటించింది. అర్హులు కొందరికి అందలేదని, అనర్హులు కొందరు లబ్ధి పొందారని 2013లో కాగ్ తేల్చింది. గృహరుణ సంస్థ డీహెచ్‌ఎఫ్‌ఎల్ కుప్పకూలినప్పుడు అప్పిచ్చినవారికి సగం సొమ్ము కూడా తిరిగి రాలేదు. అప్పుడు రుణ క్రమశిక్షణ గురించి నోరు మెదపనివారికి రైతు మాఫీ అనగానే అది గుర్తుకొస్తుంది.

మాఫీ వద్దని మేం అనడం లేదు. పద్ధతి మారాలంటున్నాం. రుణంపై వడ్డీ లాభం తినే బ్యాంకు నష్టంలోనూ వాటా మోయాలి. గడువుకు అప్పు తీర్చిన రైతుకు ప్రోత్సాహకం దక్కాలి. కౌలుదార్లకు రుణ అర్హత కార్డులివ్వాలన్న 2011 చట్టాన్ని దుమ్ము దులిపి అమలు చేయాలి. 2020లో రాష్ట్రం వదిలేసిన పంటల బీమాను ఊరూరా నిలబెట్టాలి. ఈ పనులు చేయకుండా ఎన్నికలకో మాఫీ ప్రకటించడం బ్యాంకుల పద్దులు సరిచేయడమే తప్ప రైతును గట్టెక్కించడం కాదు.