ఈ నెల మాట: ఎండమావి

ఈ మాటను చిన్నప్పుడు మారిషస్‌లో, సాయంకాలం తెలుగు బడిలో నేర్చుకున్నాను. అర్థం సరిగ్గా రాశాను, మార్కులు వచ్చాయి. కానీ ఎండమావిని గమనించి చూసింది మాత్రం ఉద్యోగానికి కువైట్ వచ్చాకే.

జూలై నెల. ఉత్తరాన అబ్దలీ వైపు కారులో వెళ్తున్నాం. దూరంగా రోడ్డు మీద నీళ్ళు మెరిశాయి. "వాన పడిందా?" అని అడిగాను. డ్రైవరుది రాజంపేట. "వాన యాడిదన్నా! ఎండమావులు" అని నవ్వాడు. కడప వైపు 'ఎక్కడిది'ని 'యాడిది' అంటారు.

కువైట్ ఎండ మామూలుది కాదు. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. తారు రోడ్డు కాలినప్పుడు దాన్ని ఆనుకుని ఉన్న గాలి బాగా వేడెక్కి పలచబడుతుంది. ఆకాశం నుంచి వచ్చే వెలుగు ఆ గాలిలో వంగి, కింది నుంచి మన కంటికి చేరుతుంది. వెలుగు తిన్నగానే వచ్చిందని మనసు అనుకుంటుంది. అందుకే ఆకాశం ముక్క రోడ్డు మీద నీళ్ళలా కనిపిస్తుంది. ఫోటో తీస్తే ఫోటోలోనూ పడుతుంది. అంటే కన్ను తప్పు చేయలేదు. 'నీళ్ళు' అన్నది మనసు.

ఆ రోడ్డు చివర సరిహద్దు దాటితే ఇరాక్, ఆపైన బస్రా. సుమారు 965లో అక్కడ పుట్టిన ఇబ్న్ అల్ హైథమ్ చూపు గురించి పెద్ద గ్రంథం రాశాడు. అందులో ఒక భాగమంతా చూపులో జరిగే పొరపాట్ల గురించే. కన్ను వెలుగును అందుకుంటుంది, చూసినది ఏమిటో తేల్చేది మాత్రం లోపలి బుద్ధి అని ఆయన వివరించాడు.

మన పెద్దలు తాడును చూసి పాము అనుకున్న కథ చెప్తారు. దీపం తెస్తే ఆ పాము పోతుంది. ఎండమావి అలా పోదు. నిజం తెలిశాక కూడా కనిపిస్తూనే ఉంటుంది.

టీకి ఆగినప్పుడు డ్రైవరు ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. యజమాని కారు పక్కన నిలబడి తీయించుకున్నది.

"మా యమ్మ ఈ కారు నాదే అనుకునిందన్నా."

"నిజం చెప్పలేదా?"

"చెప్పినా. అయినా ఫోటో చూసినప్పుడల్లా మురిసిపోతాది."

మా ముత్తాత గుర్తొచ్చాడు. మారిషస్‌లో రాయి ఎత్తితే బంగారం దొరుకుతుందని నమ్మి మనవాళ్ళు ఓడ ఎక్కారని మన ఇళ్ళలో చెప్పుకుంటారు. ఇక్కడికొచ్చి రాళ్ళు ఎత్తారు, చెరకు నాటారు. చిన్నప్పుడు ఆ కథ విని, ఎంత అమాయకులో అని నవ్వేవాణ్ణి.

మళ్ళీ కారు ఎక్కాం. దూరంగా నీళ్ళు మెరిశాయి. కావని తెలుసు. అయినా దారంతా వాటికేసే చూస్తూ కూర్చున్నాను.